ఊరికే ఇచ్చిన హెడ్‌సెట్

మస్కట్ వచ్చిన కొత్తలోనే అంజలికి తలనొప్పి పట్టుకుంది. మొదట ఎండ వల్ల అనుకుంది. తర్వాత నిద్ర చాలకేమో అనుకుంది. ఒకరోజు డ్యూటీ దిగి అద్దంలో చూసుకుంటే రెండు కణతల మీదా కళ్లజోడు కాడల గీతలు ఎర్రగా దిగి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, అదంతా కంపెనీ ఇచ్చిన హెడ్‌సెట్ చలవే అని. పాతకాలపు బరువైన సరుకు అది. చెవుల్ని పట్టకారుతో నొక్కినట్టు నొక్కుతుంది. జోడు లేనివాళ్లు ఎలాగో సర్దుకుంటారు. జోడు పెట్టుకునేవాళ్లకు మాత్రం ఆ కాడల్ని ఎముకలోకి దించి వదులుతుంది. విమానం లేచి గంట గడిచేసరికి, నేల మీదినుంచి దారి చెప్పే కంట్రోలర్ మాటల కన్నా కణత పోటే ఆమెకు ఎక్కువగా తెలిసేది.

అంజలిది ప్రొద్దుటూరు. తండ్రికి బట్టల దుకాణం ఉంది. విమానం నడపడం నేర్చుకుని, మన దేశంలో ఒక చిన్న కంపెనీలో కొన్నాళ్లు చేసి, అది మూతపడ్డాక ఒమాన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా చేరింది. కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చుంటే, కుడి సీట్లో కూర్చునే రెండో పైలట్ అన్నమాట. మనుషుల్ని చప్పున నమ్మే స్వభావం కాదు ఆమెది. చీరల మడతల మధ్య పెరిగిన పిల్ల. అడగకుండానే తగ్గించి ఇచ్చే చీరలో ఎక్కడో ఒక చిరుగు ఉంటుందని ఆమెకు పలక పట్టే వయసులోనే తెలుసు.

తలనొప్పి చాలదన్నట్టు ఆ వారమే సూట్‌కేస్ చక్రం ఊడింది. అదీ సిబ్బంది బస్సు దగ్గర, అందరూ చూస్తుండగా. ఊడిన చక్రాన్ని జేబులో వేసుకుని, పెట్టెను చంకన పెట్టుకుని బస్సెక్కింది. సెలవు రాగానే ఊళ్లోని రువీ బజారుకు వెళ్లింది, ఈసారి గట్టిది కొనాలని.

ఆ బజారులో ఓ పెద్ద దుకాణంలో, వెనక వరసలో, కెప్టెన్ సమీయుల్లా కనబడ్డాడు. కర్నూలు మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు. తెల్లగడ్డం పొందికగా కత్తిరించుకుని, ఇస్త్రీ చొక్కాలో ఎప్పుడూ నిటారుగా ఉండేవాడు. ఎంతో కాలంగా మస్కట్‌లోనే విమానాలు నడుపుతున్నాడు. పనిలో గట్టివాడని పేరు. దారిన పోతుంటే పిలిచినా పలకడని, గర్వమని ఇంకో పేరు. ఆయనతో అంజలి అప్పటికి రెండు మూడుసార్లు మాత్రమే ఎగిరింది. పక్కపక్క జిల్లాల వాళ్లమని అప్పుడు కాసేపు తెలుగు మాట్లాడుకున్నారు.

ఆమె వెనకనుంచి "సార్" అంది. ఆయన తిరగలేదు. కొంచెం గట్టిగా మళ్లీ అంది. అప్పుడూ తిరగలేదు. సరే, గర్వమన్న మాట నిజమే అనుకుని పోబోతుంటే, ఆయనే పక్కకు తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు. ఆయన ముందర రెండు సూట్‌కేసులు ఉన్నాయి. పైలట్ వెంట తీసుకెళ్లే చిన్న పెట్టెలు కావు. ఇంట్లో సామానంతా పట్టేంత పెద్దవి.

"చుట్టాలకు," అన్నాడు ఆయన, ఆమె ఏమీ అడగకముందే.

అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందంటే అంజలి మనసు ఒక చెవి నిక్కించుకుంటుంది. ఆ మాటను పక్కన పెట్టుకుంది. ఆయన మాత్రం ఎందుకొచ్చావని అడిగి, ఆమె చూపించిన చక్రం చూసి నవ్వి, తనే పూనుకుని పెట్టెలు వెతకడం మొదలుపెట్టాడు. ఆమెకు నచ్చినదాన్ని పక్కకు నెట్టేశాడు.

"నాలుగు చక్రాలది వద్దు పాపా. చూసేదానికి బాగుంటాది. బస్సు మలుపు తిరిగితే దాని పాటికి అది పోతాది. రెండు చక్రాలదే తీసుకో. చక్రం పెద్దదుండాల. రాళ్ల మింద లాగినా బెదరకూడదు."

పిడిని పూర్తిగా పైకి లాగి అటూ ఇటూ ఊపి చూశాడు. వదులుగా ఆడేవాటిని వదిలేశాడు. ఖాళీ పెట్టెను ఒక వేలితో ఎత్తి బరువు చూశాడు. తన భుజానున్న సంచిని దాని నెత్తిన పెట్టి, వెనక్కి పడిపోతుందేమో చూశాడు. నల్లరంగు వద్దన్నాడు. సిబ్బంది పెట్టెలన్నీ నల్లవే కాబట్టి, పక్కవాడి చొక్కాలు మోసుకుని హోటల్‌కు పోవాల్సి వస్తుందట. చివరికి ముదురాకుపచ్చ పెట్టె ఒకటి తేలింది. అంత శ్రద్ధగా తండ్రి కూడా ఎప్పుడూ ఆమెకు ఏదీ కొనిపెట్టలేదు.

బయటికొచ్చాక ఆయన ఆమె ముఖం వైపు చూసి, ఆ గీతలేమిటని అడిగాడు. హెడ్‌సెట్ సంగతి చెప్పింది. ఆయన తల ఊపాడు, అంతే.

తర్వాత నాలుగు రోజులకు డ్యూటీ దిగి వస్తుంటే, పార్కింగ్‌లో ఆయన కారు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక డిక్కీ తెరిచి ఒక అట్టపెట్టె చేతికిచ్చాడు. తెరిస్తే లోపల కొత్త రకం హెడ్‌సెట్ ఉంది, బయటి మోతను తనే అణిచేసేది. చేతిలో పెట్టుకుంటే పిట్టంత బరువు. చెవి దిండ్లు మెత్తగా, కళ్లజోడు కాడ వాటిలోకి ఒదిగిపోయేట్టు ఉన్నాయి. అంజలి చాలాకాలంగా కొనాలనుకుని, ధర చూసి వెనక్కి తగ్గిన సరుకది. ఎంత ఇవ్వమంటారని అడిగితే ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఊరికే తీసుకో. నాకు పడలే. తలకు పెట్టుకోని ఒక గంట చూడు. ఒక నిమిషం పెట్టుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. గంటకు గదా తెలిసేది."

ఆమె థాంక్స్ చెప్పేలోపే మళ్లీ అన్నాడు, "నేనిచ్చినానని మాత్రం ఎవురికీ చెప్పొద్దు."

ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఆమె ఆ హెడ్‌సెట్‌ను సంతోషంగా ఇంటికి తీసుకుపోయేది. ఆ మాటతో పెట్టె బరువు పెరిగింది. దొంగ సరుకా? పోనీ పాడైనదా? లేకపోతే, ఆడపిల్ల ఒంటరిగా ఉందని, ఇవాళ హెడ్‌సెట్ ఇచ్చి రేపు ఇంకేదైనా అడగబోతున్నాడా? ఇంట్లో బల్ల మీద పెట్టి రెండురోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడోరోజు కణత పోటు భరించలేక తీసుకెళ్లింది.

విమానంలో తలకు పెట్టుకుని రేడియో తెరవగానే కుడి చెవిలో పిడుగు పడినట్టయింది. చప్పున లాగేసింది. తీగకు చిన్న పెట్టె ఒకటి ఉంది, దాని మీద కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి శబ్దం పెంచి తగ్గించే చక్రాలు ఉన్నాయి. ఎడమది సగంలో ఉంది. కుడిది చివరిదాకా తిప్పేసి ఉంది. అయితే కుడివైపు లోపం ఉందన్నమాట, అందుకే వదిలించుకున్నాడు, అనుకుంది. కుడిది కిందికి తిప్పి మళ్లీ పెట్టుకుంది. గంట గడిచింది. కణతలు నొప్పి పుట్టలేదు. కంట్రోలర్ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినబడింది. తిరిగొచ్చాక కంపెనీలో రేడియోలు బాగుచేసే మనిషికి చూపించింది. అతను రెండువైపులా పరీక్షించి, దీనికి ఏ జబ్బూ లేదని, మంచి సరుకని, ఎక్కడ కొన్నావని అడిగాడు. ఎవరో తెలిసినవాళ్లు అని చెప్పింది.

సరుకులో చిరుగు లేదంటే ఇచ్చినవాడిలో ఉండాలి. అనుమానం వస్తువును వదిలి మనిషిని పట్టుకుంది.

ఆమె ఉండే బిల్డింగులోనే కమ్రాన్ అని ఇంకో ఫస్ట్ ఆఫీసర్ ఉండేవాడు. హైదరాబాద్ కుర్రాడు, నోటికి తాళం ఉండదు. లిఫ్టులో కలిసినప్పుడు ఆమె మాటల్లో మాటగా సమీయుల్లా ఎలాంటివాడని అడిగింది. కమ్రాన్ ఆశ్చర్యపోయి, ఎందుకడుగుతున్నావన్నాడు. ఆ ముసలాయన ఎవరికీ పెన్ను కూడా అరువివ్వడని, ఎప్పుడైనా ఎవరితోనైనా మంచిగా ఉన్నాడంటే వెనక ఏదో లెక్క ఉంటుందని, ఈమధ్య మరీ వింతగా తయారయ్యాడని చెప్పాడు. ఎలా వింత అంటే, ఒకప్పుడు విమానంలో కథలు చెప్పేవాడు, ఇప్పుడు నోరు విప్పడు, జోక్ వేస్తే నవ్వడు అన్నాడు. చివరికి కన్ను గీటి, జాగ్రత్త అన్నాడు. ఆ కన్నుగీటడం అంజలికి నచ్చలేదు. కానీ ఆ మాట మనసులో దిగింది.

అలాంటి సమయంలో కెప్టెన్ భార్య జాహిదా ఫోన్ చేసి భోజనానికి పిలిచింది. వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక, భార్య ఉన్న ఇల్లే కదా అని వెళ్లింది. ఆ ఇంటి సంగతేమిటో తన కళ్లతో చూడాలని కూడా ఉంది.

జాహిదా మంచి మనిషి. గుత్తివంకాయ, బిర్యానీ, కర్నూలు పద్ధతిలో ఉగ్గాణి కూడా చేయించింది. అయినా అంజలికి ఏదో ఇబ్బందిగానే ఉంది. తను ఏ మాట కెప్టెన్‌ను అడిగినా, జాహిదా దాన్నే మళ్లీ ఉర్దూలో ఆయనకు అప్పజెప్పేది. ఆయన ఎడమ పక్కనే ఆనుకుని కూర్చుంది. ఎంతసేపటికీ అక్కడినుంచి కదలలేదు. నన్ను అనుమానిస్తోంది, అందుకే పిలిచి చూస్తోంది, అనుకుంది అంజలి. ఆమె మీద ఈమెకూ, ఈమె మీద ఆమెకూ అనుమానమే అయితే ఆ బిర్యానీ గొంతు దిగేదెలా?

చేతులు కడుక్కోవడానికి వెళుతుంటే పక్క గది తలుపు వారగా తెరిచి ఉంది. రువీ బజారులో చూసిన సూట్‌కేసులు రెండూ నేల మీద నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వాటిలో దుప్పట్లు, తువ్వాళ్లలో చుట్టిన ఫోటో ఫ్రేములు, ఒక కుట్టుమిషను తల. చుట్టాలకు కొన్న పెట్టెల్లో ఈ ఇంటి సామాను సర్దుతున్నారు.

వంటింట్లో గిన్నెలు కడుగుతున్న పనిమనిషి మహబూబీది రాయచోటి. ప్రొద్దుటూరు పిల్ల అని తెలిసి ప్రాణం లేచివచ్చినట్టు మాట్లాడింది. అంజలి ఆమెను, సార్ ఇంట్లో ఎలా ఉంటాడని అడిగింది.

"బంగారట్లాటి మనిషి మేడం. గొంతెత్తడు," అంది మహబూబీ. "ఒకటే, యెనకనించి పిలిస్తే పలకడు. మొదుట్లోనే అమ్మ నాకు చెప్పింది, సార్‌ను ఎప్పుడైనా ముందరికి పోయి పిలువు అని. పెద్ద ఆఫీసర్లు గదా, మర్యాద ఉంటాది."

టాక్సీలో వస్తూ అంజలి ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకుంది. దుకాణంలో రెండుసార్లు పిలిచినా తిరగని తల. చివరిదాకా తిప్పేసిన కుడి చక్రం. ఎడమ పక్క ఆనుకుని, ప్రతి మాటా మళ్లీ చెప్పే భార్య. జోక్‌కు నవ్వని మనిషి. ఇన్నాళ్లూ ఆమె వేరేదో వెతికింది. ఆయనకు తన మీద కన్నుందేమో అనుకుంది. ఆయన కష్టం చెవితో అయి ఉండాలి.

అది అనుమానమే. రుజువేమీ లేదు. నోరు జారితే ఒక మనిషి జీవితకాలం పని పోతుంది. పైలట్లకు ఏటా పెట్టే డాక్టర్ల పరీక్షలో పోయినసారి ఆయన నెగ్గాడు కదా. తానెవరు చెప్పడానికి? అలా తనకు తానే సర్ది చెప్పుకుంది. వచ్చే వారం డ్యూటీ చార్టు చూస్తే, దక్షిణాన సముద్రం ఒడ్డునున్న సలాలాకు వెళ్లే విమానానికి ఎడమ సీట్లో సమీయుల్లా, కుడి సీట్లో ఆమె.

ఆ రోజు విమానం ఇంకా గేటు దగ్గరే ఉంది. ఇంజన్లు వేయలేదు, తలుపులు మూయలేదు. కాక్‌పిట్‌లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన తన పాత హెడ్‌సెట్‌ను మెడకు తగిలించుకుని కాగితాలు చూస్తున్నాడు. అంజలి తన కిటికీలోంచి బయటికి చూస్తూనే, మామూలు గొంతుతో, "సార్, మీ పెన్ను కింద పడింది," అంది. ఆయన కాగితం తిప్పాడు. ఇంకొంచెం గట్టిగా అదే మాట అంది. ఆయన తల ఎత్తలేదు.

పెన్ను ఆయన జేబులోనే ఉంది. అంజలికి ఎవరి జేబులోనో చెయ్యి పెట్టినట్టు సిగ్గేసింది. తెలియాల్సింది తెలిసింది. అయినా లేచి బయటికి నడవలేదు. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆయనకు వినబడుతుంది కదా అనుకుంది. ఇన్నాళ్లూ నడిపాడు కదా అనుకుంది. ఇంజన్లు వేశారు.

దారంతా బాగానే గడిచింది. నడపడం ఆమె వంతు, రేడియో ఆయన వంతు. సలాలా దగ్గర పడేసరికి కింద నేల కనబడడం మానేసింది. ఖరీఫ్ రోజులు, అంటే అక్కడి వానాకాలం. సముద్రం మీదినుంచి లేచిన పొగమంచు కొండల్ని, ఊరిని, కొబ్బరితోటల్ని ఒకే దుప్పటి కింద కప్పేస్తుంది. ఆ మంచు కింద ఊరికి ఉత్తరాన కొండలున్నాయి.

"నైన్ థౌజండ్", తొమ్మిది వేల అడుగులకు దిగమని కంట్రోలర్ చెప్పాడు. అంజలి ఎత్తు చూపే గడిలో ఆ అంకె పెట్టింది. కెప్టెన్ రేడియోలో తిరిగి చెబుతూ "ఫైవ్ థౌజండ్" అన్నాడు. అని, చెయ్యి చాచి ఆమె పెట్టిన అంకెను తిప్పి ఐదు వేలు పెట్టాడు. ఆమె కాదంది. ఆయన ఆమె వైపు చూసి మళ్లీ "ఫైవ్" అన్నాడు. ఆ సరికి కంట్రోలర్ గొంతు మళ్లీ వచ్చింది, తప్పు, తొమ్మిది వేలు, తొమ్మిది అని. ఆ గొంతు ఆమె చెవిలో స్పష్టంగా పలికింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. తాను సరిగ్గానే విన్నానన్న ముఖం అది. రేడియో ఆయన పని అని, దాటి మాట్లాడకూడదని తెలిసినా అంజలి తనే మీట నొక్కి తొమ్మిది వేలని బదులిచ్చింది. అంకె మార్చింది. విమానం మబ్బుల పైన సర్దుకుని నిలబడింది.

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దిగేదాకా ప్రతి మాటనూ ఆమె పెదవుల వైపు చూస్తూ విన్నాడు.

దిగాక మంచు ఇంకా ముదిరింది. తిరుగు ప్రయాణం మర్నాటికి వాయిదా పడి, సిబ్బందిని హోటల్‌కు తీసుకెళ్లారు. మధ్యాహ్నం అంజలి ఆయన గదికి ఫోన్ చేసి, మాట్లాడాలంది. ఇద్దరూ నడుచుకుంటూ అరటితోటల పక్కన కొబ్బరిబోండాలు అమ్మే కొట్లదాకా వెళ్లారు. సన్నగా తుంపర పడుతోంది. రేకు కింద బెంచీ మీద ఆయన కూర్చున్నాడు. ఆమె చుట్టూ తిరిగి వచ్చి ఎడమ పక్కన కూర్చుంది.

"ఎడమ పక్క వచ్చి కూచున్నావే," అన్నాడు ఆయన.

కొట్టువాడు ఇచ్చిన బోండాం ఒకటి ఆమె ఆయన వైపు జరిపింది.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"అనుమానం మీ ఇంటికి వచ్చిన కాడినించి ఉండాది సార్. ఈ పొద్దు నమ్మకం కుదిరింది."

"ఎవురు పంపించినారు నిన్ను? ఆఫీసోళ్లా? ఆ కమ్రానా?"

ఎవరూ పంపలేదంది. ఆయన నమ్మలేదు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరినొకరు సంతలో పశువును చూసినట్టు చూసుకున్నారు. తర్వాత ఆయన భుజాలు కిందికి జారాయి.

అప్పుడు చెప్పుకొచ్చాడు. కుడి చెవి ఏడాది నుంచి మందగించిందట. పోయిన పరీక్షలో అంచుమీద నెగ్గాడు. అప్పటినుంచి ఇంకా పోయింది. ఈమధ్య ఎడమదానిలో కూడా కొన్ని అక్షరాలు అందడం లేదు. మొదట అదంతా ఇంజన్ల మోత వల్లే అనుకుని, మోత అణిచే హెడ్‌సెట్ కొన్నాడు.

"అది పెట్టుకుంటే మోత పోయింది పాపా. మోత పోయినా మాట మసగ్గానే వచ్చింది. అప్పుడు తెలిసింది, లోపం ఇంజనుది కాదని. ఇంట్లో ఆ పెట్టె కనపడతాంటే పడలే నాకు. నీ కణతలు చూసినా. ఇచ్చేస్తి."

"నా నోరు కట్టేసేదానికి కాదా సార్?"

"అప్పుడు నీకేం తెలుసని కట్టేసేది?" అన్నాడు ఆయన. ఆ మాటలో కోపం లేదు, నొప్పి ఉంది. అంజలి తల దించుకుంది.

సూట్‌కేసుల సంగతి కూడా చెప్పాడు. రెండు నెలల్లో మళ్లీ డాక్టర్ల పరీక్ష ఉంది. దానికి ముందే రాజీనామా ఇచ్చి కర్నూలు వెళ్లిపోవాలని ఆయనా జాహిదా అనుకున్నారు. ఎవరికీ అనుమానం రాకుండా సామాను కొద్దికొద్దిగా సర్దుతున్నారు. రిటైరై పోయాడు అనాలి లోకం. చెవిటివాడని దించేశారు అనకూడదు. రెండు నెలలు, అంతే. జాగ్రత్తగా ఉంటానన్నాడు. ఇవాళ్టి తప్పు ఆ కంట్రోలర్ యాస వల్ల జరిగిందన్నాడు.

"ఆయన యాస నాకు తెలిసింది సార్," అంది అంజలి. "రేపు పొద్దున మీ పక్కన నేను ఎక్కను. మీరే ఫోన్ చేసి చెప్పండి. మీరు చెప్పకుంటే నేను చెప్తా."

ఆయన ముఖం గట్టిపడింది. తన అనుభవం గురించి, ఆమె వయసు గురించి, పెట్టె కొనడం కూడా చేతకాని పిల్లలు తనకు పాఠాలు చెప్పడం గురించి నాలుగు మాటలన్నాడు. బోండాం ముట్టుకోకుండానే లేచి తుంపరలోకి వెళ్లిపోయాడు. వెనకనుంచి ఆమె పిలవలేదు. పిలిచినా వినబడదు.

ఆ పూటంతా అంజలికి నిలకడ లేదు. ఇప్పుడు ఆయన ముందుగానే ఆఫీసుకు ఫోన్ చేసి, ఈ పిల్ల నా రేడియోలో చెయ్యి పెట్టింది, నా మాట వినలేదు అని చెబితే? కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్ మాట నమ్ముతారా, ఇరవై ఏళ్లుగా నడుపుతున్న కెప్టెన్ మాట నమ్ముతారా? తానే ముందు ఫోన్ చేయాలా? ఫోన్ చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. ఆయనకు చెప్పమని తనే గడువిచ్చింది. గడువిచ్చి వెనకనుంచి పొడవడం ఆమె వల్ల కాలేదు. అలాగని నమ్మకమూ లేదు.

పొద్దున యూనిఫాం వేసుకుని, ఆకుపచ్చ పెట్టె లాక్కుంటూ హోటల్ కిందికి దిగితే, సమీయుల్లా సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద యూనిఫాం లేదు. మామూలు చొక్కా వేసుకున్నాడు. నిన్న సాయంత్రమే ఫోన్ చేసి, నా చెవి బాగాలేదు, నేను నడపను అని చెప్పేశాడట. మస్కట్ నుంచి మొదటి విమానంలో ఇంకో కెప్టెన్ వస్తున్నాడు. ఈ మాటలు ఆయన ఆమెకు చెప్పలేదు, హోటల్ కౌంటర్ దగ్గరున్న విమాన సిబ్బంది చెప్పారు. ఆయన ఆమె వైపు చూశాడు, తల ఒక్కసారి ఆడించాడు. విమానంలో వెనకెక్కడో కిటికీ పక్క సీట్లో కూర్చుని తిరిగొచ్చాడు. అంజలి ముందు కూర్చుని నడిపింది.

పరీక్షల్లో ఆయన నెగ్గలేదు. రెండు చెవులూ దెబ్బతిన్నాయని, ఇన్నేళ్ల మోత ఒక కారణమని, వెనక్కి రాదని డాక్టర్లు తేల్చారు. కాక్‌పిట్ తలుపు ఆయనకు మూసుకుపోయింది. కంపెనీ ఆయన్ను పంపేయలేదు, శిక్షణ విభాగంలో పెట్టుకుంది.

జాహిదా ఒకసారి ఫోన్ చేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదని అంజలికి తర్వాత అనిపించింది.

"ఏడాదిగా నేను ఆయనకు చెవినై బతికినాను బేటీ," అంది. "ఇంకో రెండు నెలలు నువ్వు ఓర్చుకోలేకపోతివా?"

ఆ రెండు నెలలూ వెనక సీట్లలో జనం కూర్చుంటారు కదా ఆంటీ, అనాలనుకుంది అంజలి. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

సంగతి సిబ్బందిలో పాకింది. అసలు జరిగింది వేరు, పాకింది వేరు. ఆ పిల్లే ఆఫీసుకు చేరవేసిందని, ఇంట్లో భోంచేసి మరీ చేరవేసిందని అన్నారు. కమ్రాన్ లిఫ్టులో కలిస్తే ఇప్పుడు వాతావరణం గురించే మాట్లాడేవాడు. కొందరు కెప్టెన్లు ఆమె పక్కన కూర్చోగానే, నా చెవులు బాగానే ఉన్నాయి తల్లీ అని నవ్వేవాళ్లు. నవ్వినా, ఆ తర్వాత దారంతా ఆచితూచి మాట్లాడేవాళ్లు. ఇన్నాళ్లూ ఆమె అందరినీ అనుమానంగా చూసింది. ఇప్పుడు అందరూ ఆమెను అలా చూస్తున్నారు. ఆ చూపు ఎంత చలిగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

చలికాలంలో ఆమెకు సిమ్యులేటర్ పరీక్ష వచ్చింది. నేల మీదే ఉండే ఉత్తుత్తి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, లేని ప్రమాదాలన్నీ కల్పించి పైలట్ పనితనం చూస్తారు. అందులో తప్పితే సీటు పోతుంది. పరీక్ష పెట్టేది ఎవరని చూస్తే సమీయుల్లా.

ఇదే అదను, బదులు తీర్చుకుంటాడు అనుకుంది అంజలి. లోపలికి వెళితే ఆయన వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. రెండు చెవులకూ వినికిడి మిషన్లు బాహాటంగా కనబడుతున్నాయి.

"ఒక మాట ముందే చెప్తా," అన్నాడు. "నువ్వు మంచి పని చేసినావని నేను చెప్పను. తప్పు చేసినావని గూడా చెప్పను. ఇంక పని చూద్దాం. ఏమన్నా చెప్పేటప్పుడు నా దిక్కు తిరిగి చెప్పు."

తర్వాత ఒక ఇంజన్‌కు మంట పెట్టాడు. దాన్ని ఆర్పేలోగా పొగమంచు దించాడు. దించి, రన్‌వే మూసేశాడు. ప్రతి మలుపులోనూ అంజలి ఎదురుచూసింది, ఇక్కడ తప్పకుండా అన్యాయం చేస్తాడని, ఏ పైలటూ గట్టెక్కలేని చోట ఇరికిస్తాడని. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. పరీక్ష కష్టంగానే ఉంది. కానీ అందరికీ పెట్టే పరీక్షే అది, ఒక్క పిసరు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అయిపోయాక లైట్లు వేశాడు. పాసైనట్టు చెప్పాడు. ఒక్కచోట మాత్రం, మంట ఆరిందో లేదో రెండోసారి చూడకుండా ముందుకు పోయావని, అది తప్పని అన్నాడు. ఆమె లోపల్లోపల ఎదురుతిరగబోయి, ఆగి, జరిగిందంతా మళ్లీ తలుచుకుంది.

ఆయన చెప్పింది నిజమే. రెండోసారి ఆమె చూడలేదు.